ఆవుగారి గోప్యత

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో, కామ్ నది ఒడ్డున గడ్డి మేస్తున్న ఒక ఆవు 2016లో లోకప్రసిద్ధి పొందింది. గూగుల్ వీధి ఫొటోల్లో దాని ముఖం మీద మసక పులిమి ఉంది. మనిషి ముఖం కనబడితే చెరిపెయ్యమని యంత్రానికి నేర్పారు. అది అత్యుత్సాహం కొద్దీ ఆవు పరువు కూడా కాపాడింది. అంతకు ముందే కోడివేపుడు దుకాణాల బోర్డు మీది కల్నల్ శాండర్స్ తాతగారికీ ఇదే మర్యాద దక్కింది. బోర్డు మీది ముఖానికీ ఒంటి మీది ముఖానికీ తేడా తెలియని ఇలాంటి యంత్రం మన కూడళ్లకు వస్తే, ఫ్లెక్సీల్లో చేతులు జోడించిన నాయకులకు ఏ గతి పట్టిస్తుందో ఊహించుకోవచ్చు. ఫ్లెక్సీ మీద చెయ్యి వెయ్యడానికి మున్సిపాలిటీకే ధైర్యం చాలదు. దీనికి ఆ భయం లేదు. సరే, ఆవుకూ కల్నల్‌కూ ఇంత గోప్యత దొరికింది కదా, మామూలు గృహస్థుకు ఎంత దొరికింది? మన దేశంలో ఈ వీధి ఫొటోల మీద పదేళ్లకు పైగా నడిచిన తగవంతా సర్కారు గోడల గోప్యత కోసమే నడిచిందనీ, సందులో ఉన్న గడప ఊసు అందులో ఎక్కడా లేదనీ నా ఫిర్యాదు.

చరిత్ర చూడండి. 2007 మేలో అమెరికాలో అయిదు నగరాలతో మొదలైన ఈ సేవ, 2011లో బెంగుళూరులో కారు తిప్పడం మొదలుపెట్టింది. కొద్ది వారాలకే పోలీసులు ఆపించారు. ఆ తర్వాత కేంద్రం కూడా ఒప్పుకోలేదు. కారణం భద్రత. అంటే దండు స్థావరాలు, రక్షణ సంస్థలు, ప్రముఖుల నివాసాలు. అది తప్పని ఎవరూ అనరు. మధ్యలో 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. అప్పుడైనా సామాన్యుడి గుమ్మం గురించి ఎవరైనా అడుగుతారనుకుంటే, 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు మరో దారి పట్టాయి. వీధి ఫొటోల సర్వే భారతీయ సంస్థలే చెయ్యాలన్నాయి. గుమ్మాన్ని ఫొటో తీయవచ్చా అని అడగలేదు, కెమెరా గోత్రం అడిగారు. గోత్రం కుదిరింది. 2022 జులైలో జెనెసిస్, టెక్ మహీంద్రాలను కలుపుకుని గూగుల్ పది నగరాల్లో తిరిగి ప్రవేశించింది. హైదరాబాదు వాటిలో ఒకటి. మొదటి రోజుకే లక్షన్నర కిలోమీటర్ల రోడ్లు చూపిస్తున్నామని ప్రకటించారు. విదేశీ కెమెరా చూస్తే పోయే పరువు స్వదేశీ కెమెరా చూస్తే పోదన్న ఈ సిద్ధాంతాన్ని పెరట్లో బట్టలారేసుకునే ఇల్లాలికి ఎవరు వివరిస్తారో తెలియదు.

ముఖాలూ బండి నంబర్లూ మసక చేస్తున్నారు కదా, ఇంకేం కావాలి అంటారు. ముఖం చూసి గుర్తుపట్టడం అపరిచితుల పని. మన సందుల్లో మనిషిని లుంగీ కట్టు చూసి, నడక చూసి, స్కూటరుకు పడ్డ సొట్ట చూసి పోల్చుకుంటారు. పైగా మన ఇళ్లకు నేమ్‌ప్లేట్లున్నాయి. నల్లరాయి మీద బంగారు అక్షరాలతో ఇంటిపేరు, పేరు, డిగ్రీ, చేసిన ఉద్యోగం, అది రిటైరైన సంగతీ చెక్కించి గేటు పక్కన పాతిన గృహస్థు తరఫున, నంబరు ప్లేటు మాత్రం దాచిపెట్టారు! కెనడాలోని క్విబెక్‌లో తన ఇంటి మెట్ల మీద కూర్చున్న ఒకావిడ ముఖాన్ని యంత్రం శ్రద్ధగా చెరిపింది. ఇల్లు, కారు, ఆమె వాలకం మాత్రం అలాగే ఉంచింది. తోటి ఉద్యోగులు నవ్వుకున్నారు. 2014లో కోర్టు ఆమెకు 2,250 డాలర్లు ఇప్పించింది. అర్జెంటీనాలో ఒక పోలీసు ఉద్యోగి నిలువెత్తు ప్రహరీ వెనక, తన పెరట్లో దిసమొలతో నిలబడి ఉండగా కెమెరా కారు అటుగా పోయింది. బొమ్మలో పడింది వీపే, ముఖం కాదు. అయినా ఇంటి నంబరూ వీధి పేరూ కనబడడంతో ఊరంతా తెలిసిపోయింది. 2025లో అక్కడి కోర్టు సుమారు 12,500 డాలర్ల పరిహారం వేసింది. జపానులో కెమెరా ఇళ్ల కంచెల మీంచి తొంగిచూస్తోందని జనం గోల పెడితే 2009లో కెమెరా కొయ్యను 40 సెంటీమీటర్లు కిందికి దించారు. స్విట్జర్లాండు అత్యున్నత న్యాయస్థానం 2012లో ఇంకాస్త ముందుకు వెళ్లింది. బాధిత మహిళల ఆశ్రయాలు, జైళ్లు, బడుల వంటి చోట్ల ముఖం ఒక్కటే చాలదు, మనిషి ఒంటిరంగూ దుస్తులూ కూడా తెలియకూడదంది. మన మార్గదర్శకాలకు గోత్రం తర్వాత ఈ ఎత్తూ లోతూ కూడా చూడాలని తట్టలేదు.

వీధి అందరిదీ, దారినపోయే ఎవరైనా చూడవచ్చు, కెమెరా చూస్తే తప్పేమిటన్నది మరో వాదన. ఇందులో బలముంది, తోసిపుచ్చలేం. వీధిలో నిలబడ్డాక చూడొద్దని ఎవరినీ అనలేం. కానీ ఎదురింటి అరుగు మీది పెద్దమనిషి మనల్ని చూస్తున్నప్పుడు, ఆయన చూస్తున్న సంగతి మనమూ చూస్తున్నాం. ఆయన ఎగాదిగా చూస్తే మనమూ ఏమిటండీ అని అడగవచ్చు. ఆయన మనింటికి వచ్చినవాళ్లను లెక్కపెడితే మనం ఆయనింటి వాళ్లను లెక్కపెడతాం. ఈ చెల్లుకు చెల్లు మీదే మన వీధుల్లో మర్యాద నిలబడింది. మ్యాపులో చూసేవాడెవడో, ఏ దేశంలో ఉన్నాడో, ఎన్నిసార్లు చూశాడో మనకు తెలిసే దారి లేదు. దారినపోయేవాడు మలుపు తిరగ్గానే మరచిపోతాడు కూడా. 2014 నుంచి ఈ సేవలో పాత సంవత్సరాల బొమ్మలూ తిరగేసి చూడవచ్చు. ఏ ఏడు మేడ లేచిందో, ఏ ఏడు కారు మాయమైందో అందులో ఉంటుంది. పిట్స్‌బర్గ్‌లో ఒక దంపతులు, ఇది మా సొంత దారి అని బోర్డు పెట్టినా కారు వచ్చి ఫొటో తీసిందని దావా వేశారు. ఈ ఉపగ్రహాల కాలంలో ఎడారిలోనూ పూర్తి ఏకాంతం లేదని కంపెనీ జవాబిచ్చింది. 2010లో ఆ దంపతులకు దక్కిన పరిహారం అక్షరాలా ఒక డాలరు. మన కోర్టు ఫీజు ముందు అదీ ఎక్కువేనేమో.

అన్నిటికన్నా గట్టి వాదన మునిగినవాడికి చలేమిటన్నది. ఆధార్ ఇచ్చాం, ఫోనులో ప్రతి యాప్‌కూ అనుమతి నొక్కాం, 2014 ఆగస్టు 19న తెలంగాణ సమగ్ర కుటుంబ సర్వేకు ఊళ్ల నుంచి బస్సులెక్కి వచ్చి మరీ వివరాలు చెప్పాం, హైదరాబాదులో అడుగడుగునా సీసీ కెమెరాల కిందే నడుస్తున్నాం. ఇంత జరిగాక గేటు ఫొటో దగ్గర బెట్టు దేనికి? గేటు ఫొటో గేటు దగ్గర ఆగదు కాబట్టి. 2010లో తేలిన సంగతేమిటంటే, ఈ కార్లు ఫొటోలతో పాటు తాళం లేని ఇంటి వైఫైల్లో పోయే సమాచారాన్ని కూడా దారిపొడుగునా ఏరుకుంటూ వెళ్లాయి. కొన్ని ఈమెయిళ్లు, పాస్‌వర్డులు కూడా అందులో ఉన్నాయని కంపెనీయే ఒప్పుకుంది. పొరపాటున జరిగిందంది. అమెరికా 38 రాష్ట్రాలతో 2013లో 70 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఫొటోల సంగతికొస్తే, 2017లో అమెరికా పరిశోధకులు 5 కోట్ల వీధి బొమ్మల్లో కార్ల రకాలు లెక్కగట్టి ఏ ఊరు ఏ పార్టీకి ఓటేస్తుందో అంచనా కట్టారు. సెడాన్లు ఎక్కువుంటే డెమొక్రాట్లు, పికప్ ట్రక్కులు ఎక్కువుంటే రిపబ్లికన్లు. 2019లో పోలండు బీమా ఖాతాదారుల ఇళ్ల ఫొటోలు చూసి, ఎవరు కారు ప్రమాదం చేసే అవకాశం ఎక్కువో బేరీజు వేయవచ్చని మరో పరిశోధన చూపింది. గోడకు సున్నం వేయించకపోతే బీమా ప్రీమియం పెరిగే రోజు మరీ దూరంగా లేదు. ఇక మన దగ్గర గుమ్మం ముందు ఆగకుండానే ఇంటిపేరు చదివి కులం, గేటు మీది రంగు చూసి పార్టీ చెప్పేసే నిపుణులు వీధికి నలుగురున్నారు. ఇన్నాళ్లూ వాళ్ల విద్య ఆ వీధి వరకే పనికొచ్చేది.

ఉపయోగం లేదనడం లేదు. రామాలయం వెనక సందు, వేపచెట్టు దాటాక నీలం గేటు అని చిరునామా చెప్పుకునే జాతికి వీధి బొమ్మ వరమే. డెలివరీ కుర్రాడికి తిప్పట తప్పుతుంది. న్యూజెర్సీలో ఉన్న కొడుకు నాన్నగారి ఇంటి గేటు చూసుకుని తృప్తి పడతాడు. ఉపయోగం ఉంది కాబట్టి అడగక్కర్లేదంటేనే పేచీ. జర్మనీలో 2010లో బొమ్మలు బయటపెట్టే ముందే ఇష్టం లేనివాళ్లు చెప్పుకోవచ్చన్నారు. 20 నగరాల్లో 2,44,237 కుటుంబాలు మా ఇల్లు మసక చేయండని రాశాయి. ఎసెన్‌లో అలా మసకైన ఇళ్ల మీదికి కొందరు కోడిగుడ్లు విసిరి, గూగుల్ భేష్ అని చీటీలంటించిపోయారు. మన సందులో ఒక్క ఇల్లే మసకగా కనబడితే గుడ్లు విసరరు లెండి. ఐటీ దాడులు జరిగాయా, ఈడీ వచ్చిందా అని పరామర్శకు వస్తారు. దాచుకున్నవాడే దోషిలా కనబడుతున్నాడంటే తప్పు ఏర్పాటులో ఉంది. అడగకుండా తీసి, వద్దన్నవాడి ఇంటికి మాత్రం మచ్చ పెడితే, వద్దనడానికి ఎవరు సాహసిస్తారు?

మనకున్న దారి ఒక్కటే. మ్యాపులోకి వెళ్లి, మన ఇల్లు మనమే వెతుక్కుని, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఫిర్యాదు లంకె నొక్కాలి. ఒకసారి మసక చేస్తే తిరిగి తుడవరు. స్మార్ట్‌ఫోను వాడని ముసలమ్మకు తన అరుగు లోకమంతా కనబడుతోందని తెలిసే అవకాశమే లేదు. 2023లో డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలయ్యేందుకు అక్కడి నుంచి 18 నెలల గడువు పెట్టుకున్నారు. మనిషి తానే బహిరంగపరచిన వివరాలు ఆ చట్టం పరిధిలోకి రావు. అరుగు మీద కూర్చోవడం బహిరంగపరచడమేనా అన్నది ఇంకా తేల్చాల్సి ఉంది. ఈలోగా చేయదగ్గవి పెద్ద పనులేం కావు. కెమెరాను మనిషి ఎత్తుకు దించాలి. బొమ్మలు పెట్టకముందే అభ్యంతరాలకు గడువివ్వాలి. ఏ వార్డుకు ఏ రోజు వస్తారో తెలుగులో చెప్పాలి. గూగుల్ ఇప్పటికీ తన కార్లు తిరగబోయే ప్రాంతాల పట్టిక పెడుతోంది. ప్రాంతం పేరూ నెలల పేర్లూ చూసుకుని, ఆ నెలలన్నీ ఒళ్లు జాగ్రత్తగా కప్పుకుని తిరగమని దాని భావం కాబోలు. ఈసారి ఓటడగడానికి వచ్చే కార్పొరేటరుకు ఇదొక్కటి చెప్పండి: చెత్త బండికే మైకులో పాట పెట్టి ముందుగా తెలియజేస్తున్నారు, కెమెరా బండికీ ఒక మైకు కట్టించమనండి.