ఏ యూనిట్ పోయింది సార్?

మా రోజుల్లో కరెంటు పోతే పాల్వంచ బజార్లో జనం ముందు చిమ్నీల వైపు చూసేవాళ్లు. ఏ గొట్టంలోంచి పొగ ఆగిందో చూసి, ఏ మిషన్ పడిపోయిందో వాళ్లే తేల్చేసేవాళ్లు. నేను డ్యూటీ దిగి టీ కొట్టు దగ్గర సైకిల్ ఆపితే చాలు, కొట్టతను గ్లాసు కడుగుతూనే, "ఏ యూనిట్ పోయింది సార్? ట్యూబ్ లీకా?" అని అడిగేవాడు. బాయిలర్ ట్యూబ్ లీకంటే ఏమిటో టీ కొట్టతనికి తెలిసిన ఊరు మాది.

ఇప్పుడు మా మనవడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, అదీ ఎలక్ట్రికల్. ఫ్యాన్ ఆగితే వాడు చేసే మొదటి పని ఫోన్‌లో ఫిర్యాదు కొట్టడం. "కరెంటు మనకి ఎక్కణ్నించి వస్తుందిరా?" అని అడిగాను. "గ్రిడ్ నుంచి తాతా" అన్నాడు. అన్నం ఎక్కణ్నించి వస్తుందంటే గిన్నెలోంచి అన్నట్టుంది. వాణ్నని ఏం లాభం? వాడు పుట్టాక ఇంట్లో కిరసనాయిలు దీపం వెలిగించిన సందర్భమే లేదు.

కొత్తగూడెం థర్మల్‌లో మొదటి మిషన్ 1966లో తిరిగింది. అరవై మెగావాట్లవి నాలుగు, దాన్ని ఏ స్టేషన్ అనేవాళ్లం. తర్వాత బి, సి స్టేషన్లలో నూట ఇరవైవి రెండేసి. మొత్తం ఎనిమిది మిషన్లు, 720 మెగావాట్లు. పేరుకి కొత్తగూడెం గానీ ఉన్నది పాల్వంచలో. బొగ్గు పక్కనే సింగరేణిది, నీళ్లు కిన్నెరసానివి. ఎవరు చోటు వెతికారో గానీ బుర్రపెట్టి వెతికారు. బొగ్గును మోసుకెళ్లడం కంటే తీగ మీద కరెంటును పంపడం తేలికని వాళ్లకి తెలుసు.

నేను డెబ్భైల చివర్లో బాయిలర్ సైడు చేరాను. కంట్రోల్ రూములో గేజీలున్నా, మాకు పని నేర్పిన సీనియర్లు వాటిని సగమే నమ్మేవాళ్లు. ఫ్యాన్ బేరింగ్ మీద పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవి కింద ఎముకకి అదిమిపెట్టి వినేవాళ్లు. బేరింగ్ బాగుంటే ఒకే తీరున గుంయ్ మంటుంది. మధ్యలో ఇసుక నమిలినట్టు గరగర వచ్చిందంటే, ఇవాళో రేపో పోతుందని లాగ్ బుక్కులో రాసేవాళ్లం. ఫర్నేస్ కిటికీ తీసి నీలం అద్దంలోంచి మంట చూసేవాళ్లం. తడి బొగ్గు పడితే మంట ఎర్రబారి ఊగేది. గోడలకి క్లింకరు, అంటే గట్టిపడ్డ బూడిద గడ్డ, కట్టిన రోజైతే నిండు ఎండాకాలంలో ఆ కిటికీ ముందు నిలబడి ఇనప చువ్వతో పొడవాల్సిందే. ఇప్పటి పిల్లలు ఏసీ గదిలో కూర్చుని పెద్ద తెర మీద రంగు గీతలు చూస్తారు. బేరింగ్ అదురు ఎంతో మైక్రాన్లలో దానంతటదే కనిపిస్తుంది. గొప్పదే, కాదనను. కానీ తెర మీద అంకె తప్పు చూపిస్తే, తప్పని పట్టుకోవడానికి చెవి ఉండాలి కదా?

అన్నిటికంటే ఎక్కువగా మేం చూసింది ఫ్రీక్వెన్సీ మీటరు. యాభై దగ్గర ఉండాల్సిన ముల్లు వేసవి సాయంత్రాల్లో నలభై ఎనిమిదిన్నరకీ, ఇంకా కిందకీ జారేది. వాడకం ఎక్కువ, తయారీ తక్కువ అని దానర్థం. నలభై ఎనిమిది దాటి పడుతుంటే కంట్రోల్ రూములో మాటలు ఆగిపోయేవి. టర్బైన్ బ్లేడ్లు ఆ వేగంలో ఎక్కువసేపు తిరిగితే అదిరి విరుగుతాయి. ఫోన్లో లోడ్ డిస్పాచ్ వాళ్లు ఇంకో రెండు మెగావాట్లు ఇవ్వమని మొత్తుకునేవాళ్లు, మేం తడి బొగ్గుని తిట్టేవాళ్లం. 2003లో దక్షిణాదిన కొత్త టారిఫ్ పెట్టారు. గ్రిడ్ కష్టంలో ఉన్నప్పుడు ఏ రాష్ట్రమైనా ఒప్పుకున్న దానికంటే ఎక్కువ లాగితే డబ్బు వాచేలా కట్టాలన్నారు. ఇన్నేళ్లు ఇంజనీర్లు బతిమాలితే కదలని ముల్లు, బిల్లు పడేసరికి బుద్ధిగా యాభై దగ్గరికొచ్చి కూర్చుంది. జేబుకున్న శక్తి ఏ టర్బైన్‌కీ లేదు.

2012 జులైలో ఉత్తరాదిన గ్రిడ్ కుప్పకూలి సగం దేశం చీకట్లో పడ్డప్పుడు మనకి ఏమీ కాలేదు. అప్పటికి దక్షిణాది గ్రిడ్ వేరే కాపురం. మిగతా దేశంతో డీసీ లింకుల ద్వారా ఇచ్చిపుచ్చుకోవడం తప్ప ఒకే తాళానికి నడిచేది కాదు. 2013 చివర్లో రాయచూరు-షోలాపూర్ లైనుతో మనల్నీ కలిపేశారు. ఇప్పుడు కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఒకటే ముల్లు. అందుకే మా మనవడి జవాబు పూర్తిగా తప్పని కూడా అనలేకపోతున్నాను. అదే నా కడుపు మంట.

రైతుల సంగతికొస్తే, మా రోజులు బంగారమని అనే ధైర్యం నాకు లేదు. ఊళ్లో మా తమ్ముడికి బోరు కరెంటు అర్ధరాత్రి వచ్చేది. టార్చి పట్టుకుని, గట్టు మీద పాముల్ని తప్పించుకుంటూ వెళ్లి మడి కట్టుకోవాలి. వోల్టేజి చాలక మోటారు కాలితే వైండింగ్ షాపు ముందు రెండ్రోజుల కాపలా. ప్లాంటులో నేను కరెంటు చేస్తున్నానని తెలిసి వాడు నాతో పండగ పూట కూడా సరిగ్గా మాట్లాడేవాడు కాదు. 2000 ఆగస్టులో కరెంటు ఛార్జీల పెంపుకి వ్యతిరేకంగా హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో సాగిన ఊరేగింపు మీద కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. 2004లో సాగుకి ఉచిత కరెంటు వచ్చింది. 2018 జనవరి ఒకటి నుంచి తెలంగాణలో ఇరవై నాలుగు గంటలూ ఇస్తున్నామన్నారు. మా తమ్ముడు నాతో మళ్లీ మాట్లాడుతున్నాడు. అయితే కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే తిరిగేలా పెట్టుకున్న ఆటో స్టార్టరు మాత్రం విప్పనంటాడు. నీళ్లు పాతాళానికి పోతున్నాయిరా అంటే, "నువ్వు బొగ్గు కాల్చినప్పుడు నేనేమైనా అన్నానా అన్నా?" అంటాడు.

జల విద్యుత్తు వాళ్లంటే మాకు కాస్త కుళ్లు ఉండేది. వాళ్లకి బూడిద లేదు, క్లింకరు లేదు. గేటు తీస్తే నిమిషాల్లో మిషన్ లోడు ఎత్తుకుంటుంది. మాది చల్లారిందంటే మళ్లీ ఆయిల్ గన్ను పెట్టి వెలిగించి, ఆవిరి పట్టించి, గ్రిడ్‌కి కలిపేసరికి ఒక షిఫ్టు దిగి ఇంకో షిఫ్టు ఎక్కేది. ఇప్పుడందరూ పంప్డ్ స్టోరేజీ అని కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు. నాగార్జునసాగర్‌లో 1980లలోనే నీళ్లని మళ్లీ పైకి తిప్పి తోడే మిషన్లు ఏడు పెట్టారు, ఒక్కోటీ నూరు మెగావాట్ల పైన. వదిలిన నీళ్లు కింద ఆగడానికి చెరువు కట్టడంలోనే ఏళ్లు గడిచిపోయాయి. శ్రీశైలం ఎడమ గట్టున భూగర్భంలో నూట యాభైవి ఆరు మిషన్లున్నాయి. 2020 ఆగస్టులో ఒక రాత్రి అక్కడ మంటలు లేచి తొమ్మిది మంది లోపలే చనిపోయారు. కరెంటు వెనక మనుషులున్నారని పేపర్ వాళ్లకి ఆ రెండు రోజులు గుర్తొచ్చింది.

ఇక మా ఎనిమిది మిషన్ల సంగతి. ఒక్కొక్కటిగా మూసేశారు. 2024 ఆగస్టు 5న ఎనిమిది కూలింగ్ టవర్లనూ మందు పెట్టి కూల్చారు. ఊరంతా ఫోన్లు ఎత్తి వీడియోలు తీసుకుంది. వాటిని ఉంచాల్సిందని నేననను. ఆ ముసలి మిషన్లు ఒక యూనిట్ కరెంటుకి తినే బొగ్గు, ఇప్పటి సూపర్ క్రిటికల్ మిషన్లు తినే దానికంటే చాలా ఎక్కువ. వాటి బూడిద పడి పాల్వంచలో ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కున్న రోజులు మా ఆవిడకి నాకంటే బాగా గుర్తు. 2018లో అక్కడే వచ్చిన ఏడో దశ మిషన్ ఒక్కటే 800 మెగావాట్లు, మా ఎనిమిదీ కలిసినా దానికి చాలవు.

నా గొడవ వేరే. బొగ్గున్న చోట ప్లాంటు కట్టిన బుద్ధి ఏమైంది? కొత్తగూడెం, రామగుండం, మణుగూరు, జైపూర్, భూపాలపల్లి అన్నీ సింగరేణి గనుల పక్కనే. యాదాద్రి ప్లాంటు మాత్రం దామరచర్లలో, కృష్ణ నీళ్లకి దగ్గరగా, బొగ్గుకి దూరంగా. 800వి ఐదు, 4,000 మెగావాట్లు. ఐదూ నిండుగా నడిస్తే రోజుకి సుమారు యాభై వేల టన్నులు కావాలి. అంటే డజనుకి పైగా గూడ్సు బళ్లు, ప్రతి రోజూ, వానొచ్చినా పట్టాలు తప్పినా. ఆ రవాణా ఖర్చు చివరికి ఎవరి బిల్లులో కూర్చుంటుందో వేరే చెప్పాలా? హైదరాబాద్‌కి దగ్గర, కరెంటు లైన్లకి అనుకూలం అంటారు. కావచ్చు. ప్లాంటు కట్టాక రైల్వే లైను గురించి మాట్లాడుకోవడం మాత్రం మా రోజుల్లో లేదు.

ఈ మధ్య ప్లాంటులో ఉన్న మా పక్కింటి కుర్రాడు ఇంకో సంగతి చెప్పాడు. పగలు సోలార్ కరెంటు పోటెత్తుతుంది. రామగుండంలో ఎన్‌టీపీసీ వాళ్లు రిజర్వాయర్ నీళ్ల మీదే నూరు మెగావాట్ల పలకలు తేలేశారు. అందుకని పదకొండింటికి "లోడు దించండి" అని ఫోనొస్తుందట. పెద్ద పెద్ద మిషన్లని సగానికి కాస్త ఎగువన నిలబెడతారు. సాయంత్రం ఎండ దిగేసరికి మళ్లీ "ఎత్తండి". మా రోజుల్లో మిషన్‌ని ఒకసారి నిండు లోడుకి తెచ్చామంటే నెలల తరబడి కదిలించకపోవడమే గొప్ప. వేడెక్కడం, చల్లారడం రోజూ అయితే బాయిలర్ ట్యూబులు, టర్బైన్ కేసింగులు అలిసిపోతాయి. లోహానికీ అలుపుంటుంది. ట్యూబ్ లీకులు పెరిగాయా అని అడిగితే ఆ కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. యూనిట్ ఆగిన రోజు మాత్రం పైనుంచి మెమో రాసేది ఆ షిఫ్టులో ఉన్నవాడికే. ఆ విషయంలో నా సర్వీసుకీ వాడి సర్వీసుకీ తేడా ఏమీ కనిపించలేదు.