ఒక్క చుక్కా వృథా కాని నది

పార్టీలు మారినా, జెండాలు మారినా మన నాయకుల ప్రసంగాల్లో మారని మాట ఒకటుంది: "వేల టీఎంసీల గోదావరి నీళ్లు ఏటా వృథాగా సముద్రంలో కలిసిపోతున్నాయి." అధికారంలో ఉన్నప్పుడూ ఇదే, ఊడాకా ఇదే. ఆ మాట పడగానే సభలో చప్పట్లు. వేదిక మీద ఇంజినీరుగారు తలూపుతారు. రెండో వరసలో కూర్చున్న కాంట్రాక్టరుగారు ఇంకాస్త గట్టిగా ఊపుతారు. ఇన్నేళ్లుగా ఇంత నింద మోస్తున్న సముద్రం మాత్రం ఇంతవరకూ ఒక్క ప్రెస్‌మీట్ పెట్టలేదు.

ఈ దుబారాను అరికట్టి చూపించిన నది ఒకటి నేనుండే అరిజోనా రాష్ట్రం గుండానే పోతోంది. పేరు కొలరాడో. రాకీ పర్వతాల్లో పుట్టి, ఏడు రాష్ట్రాల నీళ్లు పోగుచేసుకుని, 2,300 కిలోమీటర్ల పైచిలుకు నడిచి, మెక్సికో గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టగానే అయిపోతుంది. సముద్రం ఇంకా చాలా దూరం ఉంటుంది. 1960ల నుంచి, ఎప్పుడో వరద ముంచెత్తిన ఏళ్లు తప్పిస్తే, సముద్రానికి ముట్టింది దాదాపు సున్నా. మనవాళ్లు ఏ సభలో ఏ కల కంటున్నారో అది ఇక్కడ నిజమై, ఎండిపోయి, ఇసుకై పడుంది.

కాబట్టి నా ప్రతిపాదన. రెండు తెలుగు రాష్ట్రాల నీటిపారుదల పెద్దల్ని ఒకే బస్సులో ఎక్కించి మూడు రోజుల అధ్యయన యాత్ర తిప్పాలి. కొత్త ఆలోచనేం కాదు. శాక్రమెంటోలోని వాటర్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ వాళ్లు లాస్ వేగస్‌లో జనాన్ని బస్సెక్కించి మూడు రోజులు దిగువ కొలరాడో చూపిస్తుంటారు. మన బస్సు సరిహద్దు దాటి డెల్టాలోకి కూడా పోతుంది, అంతే తేడా. అధ్యయన యాత్ర లాస్ వేగస్‌లో మొదలవుతుందంటే నాయకులెవరూ అభ్యంతరం చెప్పరని నా నమ్మకం.

వీసా బెంగ అక్కర్లేదు. చేతిలో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికో వేరే వీసా అడగదు. ఈ సంగతి ఇక్కడ మన హెచ్‌-1బీ కుర్రాళ్లకు కంఠతా వచ్చు. ఐ-94 గడువేమిటి, ముప్పై రోజుల్లో తిరిగొస్తే ఏ రూలు వర్తిస్తుంది, స్టాంపింగ్ గడువు తీరిపోయినవాడు వెళ్లొచ్చా కూడదా అని వాట్సాప్ గ్రూపుల్లో పెళ్లి ముహూర్తం కన్నా శ్రద్ధగా చర్చిస్తారు. ఇన్ని కాగితాలు చూసుకుని మనవాడు సరిహద్దు దాటేస్తాడు. నదికి 1944 నాటి ఒప్పందం ఉంది, అయినా దాటాక నాలుగు అడుగులు వేయలేదు.

మొదటిరోజు హూవర్ డ్యామ్. అమ్మానాన్నల్ని రప్పించుకున్న ప్రతి తెలుగింటి ఆల్బంలో గ్రాండ్ కాన్యన్ రెయిలింగు పట్టుకుని చీర మీద జర్కిన్ తొడుక్కున్న అమ్మ ఫొటో ఉంటుంది. హూవర్ డ్యామ్ మీద చేతులు వెనక్కి కట్టుకున్న నాన్న ఫొటో ఉంటుంది. రెండూ ఈ నదివే. నాన్నగారు కోనసీమ వారైతే "ఇది సముద్రంలో ఎక్కడ కలుస్తుందిరా?" అని అడక్కుండా ఉండరు. కొడుకు ఫోన్ తీసి చూసి "గల్ఫ్ ఆఫ్ కాలిఫోర్నియాలో నాన్నా" అంటాడు. పటంలో నీలిగీత అక్కడిదాకా ఉంటుంది మరి. గీత గీయడానికి నీళ్లక్కర్లేదు.

ఈ దేశంలో నీటిని ఎకరం-అడుగుల్లో కొలుస్తారు. మన పెద్దలకు అది తలకెక్కదు గనక టీఎంసీల్లోకి మార్చి చెబుతాను. 1922 నవంబరు 24న న్యూమెక్సికోలోని సాంటాఫే పక్కన ఒక విడిదింట్లో, తర్వాత అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ పెద్దమనిషిగా, ఏడు రాష్ట్రాల ప్రతినిధులు కూర్చుని నదిని రెండు వాటాలు చేశారు. పైవాళ్లకు 327 టీఎంసీలు, కిందివాళ్లకు 327. కింద వాటాలో తర్వాత కాలిఫోర్నియాకు 192, అరిజోనాకు 122, లాస్ వేగస్ ఉన్న నెవాడాకు 13 తేలాయి. మెక్సికోను ఆ గదిలోకి పిలవనే లేదు. నది ఒడ్డునే వేల ఏళ్లుగా ఉంటున్న ఆదివాసుల్నీ పిలవలేదు. మెక్సికోకు 65 టీఎంసీలు ఇవ్వాలని ఇరవై రెండేళ్ల తర్వాత గుర్తొచ్చింది. అన్నీ కలిపితే 719.

ఇక్కడ మన పెద్దలు ఒక్కసారి లేచి నిలబడతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో ఇచ్చిందే 811! అంటే ఏడు రాష్ట్రాలు, రెండు దేశాలు, నాలుగు కోట్ల జనం కలిసి నూరేళ్లుగా కొట్టుకుంటున్నది మన ఒక్క వాటా అంత కూడా లేని నీళ్ల కోసమా? అవును, అందుకోసమే. పైగా ఆ 719 అయినా ఉన్నాయా అంటే, లేవు. వానలు దండిగా పడ్డ ఏళ్ల లెక్క చూసి పంచేశారు. 2000 తర్వాత నదిలో సగటున పారుతున్నది సుమారు 540. లేని నీళ్లు పంచుకోవడంలో మనల్ని మించినవాళ్లు లేరని ఇన్నాళ్లూ ఓ గర్వం ఉండేది. అదీ పోయింది.

రెండోరోజు యూమా. చలికాలంలో అమెరికా తినే ఆకుకూరల్లో సింహభాగం ఈ చుట్టుపక్కలదే. ఎడారి మధ్య లెట్యూస్ మళ్లు చూసి మన పెద్దలు మురిసిపోతారు. నదికి అవతల ఇంపీరియల్ లోయ. అక్కడి ఒక్క నీటి సంఘం వాటా 135 టీఎంసీలు, మొత్తం అరిజోనా రాష్ట్రం కన్నా ఎక్కువ. అందులో చాలాభాగం పశువుల మేతకు పోతుంది. కొంత మేత ఓడలెక్కి ఆసియా దేశాల ఆవుల దగ్గరికీ పోతుంది. సముద్రంలోకి నీళ్లు పోతే వృథా, సముద్రం మీదుగా పోతే ఎగుమతి.

ఇంపీరియల్ లోయకు నీళ్లు మోసుకుపోయే కాలువ పేరు ఆల్ అమెరికన్ కెనాల్. పాత కాలువ మెక్సికో నేలమీదుగా పోయేది, అది నచ్చక సరిహద్దుకు ఇవతలే, వెంబడి వెంబడే కొత్తది తవ్వుకున్నారు. అయినా నీళ్లు బుద్ధి మార్చుకోలేదు. ఇసుకలో ఇంకి, భూమి లోపలినుంచి సరిహద్దు దాటి, మెక్సికాలి లోయ రైతుల బావుల్లో తేలాయి. పాస్‌పోర్టు లేకుండా ఊటగా వెళ్లిన ఆ నీటిని కూడా సహించలేక 2009-10 నాటికి కాలువకు కాంక్రీటు పోసేశారు. ఏటా మిగిలింది దాదాపు 3 టీఎంసీలు. అవతల రైతుల బావులు దిగిపోయాయి. ఊట కూడా వృథాయే అనే ఈ స్థాయికి మనవాళ్లు ఇంకా ఎదగలేదు. నోటుపుస్తకాలు తెరవాల్సింది ఇక్కడే.

మధ్యాహ్నం సరిహద్దు. ఆండ్రాడే దగ్గర బస్సు దిగి నడిచి అవతలికి పోతే లాస్ అల్గోదోనెస్ అనే చిన్న ఊరు. దానికి 'మోలార్ సిటీ' అని పేరు. అడుగడుక్కీ పళ్ల డాక్టరే. గేటు దాటగానే కుర్రాళ్లు చుట్టుముడతారు: పన్నా? కళ్లజోడా? మందులా? చలికాలంలో కెనడా నుంచీ, ఉత్తరాది రాష్ట్రాల నుంచీ దిగిన పెద్దాయనలూ పెద్దమ్మలూ సగం దవడ మొద్దుబారిన మొహాలతో తిరుగు క్యూలో బారులు తీరి ఉంటారు. అమెరికాలో ఒక పంటికి తొడుగు వేయించడం కన్నా దేశం దాటడం చవక. మన యాత్రికుల్లో సగంమంది ఇక్కడే మాయమవుతారని ముందే హెచ్చరిస్తున్నా. డెల్టాను మింగిన పళ్లు మాత్రం ఈ ఊరి డాక్టర్ల దగ్గరికి రావు. అవి ఊరి పక్కనే నదికి అడ్డంగా ఉన్నాయి. 1950లో కట్టిన మోరెలోస్ ఆనకట్ట అది. కట్టింది మెక్సికో. తమ 65 టీఎంసీల్లో దాదాపు అంతా అక్కడే మళ్లించి మెక్సికాలి లోయ పొలాలకు పంపుకుంటారు. పైవాడు దోచాడనే కథలో ఈ సంగతి ఎవరూ చెప్పరు: చివరి గుక్క తాగింది కిందివాడే. ఎవడి కింద వాడికి ఒక కిందివాడుంటాడు. అందరికన్నా కింద ఉన్నవాడికి రైతు సంఘం ఉండదు, అతను సముద్రం.

భోజనానికి మెక్సికాలి. శాకాహారులు కంగారుపడొద్దు. నూరేళ్ల కిందట ఈ లోయలో పత్తి పండించడానికి వచ్చిన చైనా కూలీల పుణ్యాన ఆ ఊరు చైనీస్ హోటళ్లకు ప్రసిద్ధి. తెలుగువాడు ఏ దేశం వెళ్లినా చివరికి ఫ్రైడ్ రైస్ దగ్గర తేలతాడు, ఇక్కడ దానికి చారిత్రక ఆధారం కూడా ఉంది.

మూడోరోజు పొద్దున శాన్ లూయిస్ రియో కొలరాడో. ఊరి పేరులోనే నది ఉంది, ఊళ్లో లేదు. పెద్ద వంతెన ఉంది. దాని కింద ఇసుక, ఇసుకలో చక్రాల జాడలు. 2014 మార్చి 23న మోరెలోస్ గేట్లు ఎత్తి, రెండు దేశాల ఒప్పందం ప్రకారం, నదిలోకి నది నీళ్లనే కావాలని వదిలారు. ఎనిమిది వారాల్లో నాలుగున్నర టీఎంసీలు. నీళ్లు ఈ వంతెన కిందికి వచ్చినరోజు ఊరు ఊరంతా దిగింది. పిల్లలు ఈత కొట్టారు, గుర్రాలు దిగాయి, బ్యాండు మేళం పెట్టారు, బీరు అమ్మారు. నదిని ఎన్నడూ చూడని కుర్రవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. మే నెల మధ్యలో ఆ నీటి కొస వెళ్లి సముద్రపు పోటును తాకింది. సరిగ్గా ఆ వసంతంలోనే మనం ఢిల్లీలో చట్టం చేసుకుని, రాష్ట్రాన్ని పంచుకుని, నీళ్ల మీద రెండు బోర్డులు వేసుకుంటున్నాం. తేదీల పోలిక తప్ప ఇందులో నా వ్యాఖ్యేమీ లేదు.

అసలు విశేషం వేరే ఉంది. ఆ గేట్లు ఎత్తిన పండగ అయిపోయాక కూడా నదిలో కాస్త తడి ఉండాలని స్వచ్ఛంద సంస్థలు మెక్సికాలి రైతుల దగ్గర నీటి హక్కులు డబ్బిచ్చి కొన్నాయి. 2021లో మరోసారి వదిలినప్పుడు ఇంకో తెలివి వచ్చింది. నదిలో వదిలితే ఎండిన ఇసుక తాగేస్తోందని, నీళ్లను పొలాల కాలువల్లో తెచ్చి, కిందికి పోయాక నదిలో పోశారు. నదిని నది దాటించడానికి కాలువ కావాల్సివచ్చింది. ముందు నీటిని సముద్రానికి పోనివ్వకుండా కోట్లు, తర్వాత పోనివ్వడానికి కోట్లు. రెండు వైపులా టెండర్లున్న పథకం ఇది. ఇంత చక్కటిది మన రెండో వరస పెద్దమనిషి కంట్లో ఎందుకు పడలేదో!

మధ్యాహ్నం సియెనెగా దె శాంతా క్లారా. డెల్టాలో మిగిలిన చిత్తడినేలల్లో పెద్దది. జమ్ముగడ్డి, నీటికోళ్లు, వేల ఎకరాల పచ్చదనం. స్థానికులు పడవల్లో తిప్పుతారు. పిట్టల అరుపులకు మన పెద్దలు ఫోన్లు తీస్తారు. ఇంతకీ ఈ నీళ్లెక్కడివి? అరిజోనా పొలాల మురుగు. మెక్సికోకు వాటా కింద ఇచ్చే నీళ్లలో ఉప్పు మరీ ఎక్కువైందని గొడవై, 1973లో ఒప్పందం కుదిరి, ఆ ఉప్పు మురుగును వేరే డ్రెయిన్‌లో తెచ్చి 1977 నుంచి ఇక్కడ పారబోస్తున్నారు. పనికిరాదని పారబోస్తే అడవి లేచింది. ఆ మురుగును శుద్ధిచేసి మళ్లీ లెక్కలోకి తేవాలని యూమాలో సుమారు 25 కోట్ల డాలర్లతో ఫ్యాక్టరీ కట్టి 1992లో ముగించారు. అది ఏవో కొన్ని విడతలు, కొన్నాళ్లు నడిచి ఆగిపోయింది. అది నడిచి ఉంటే ఈ పిట్టలుండేవి కావు. కోట్లు పోసి కట్టి, నడపకుండా ఉంచడంవల్ల ప్రకృతికి మేలుచేసిన ప్రాజెక్టు అని చెబితే మన పెద్దలకు ఎంతో ధైర్యం వస్తుంది. అలాంటివి వాళ్ల జిల్లాల్లోనూ ఉన్నాయి.

1922లో, ఆ విడిదింట్లో వాటాలు వేసుకుంటున్న కాలంలోనే, ఆల్డో లియోపోల్డ్ అనే అటవీ అధికారి తమ్ముడితో కలిసి ఈ డెల్టాలో పడవేసుకుని తిరిగాడు. అప్పుడిక్కడ పాయలు ఎన్నో తెలియనంత నీరు, జాగ్వార్ తిరిగే పొదలు. ఆయన మళ్లీ రాలేదు. నది మనుషులైన కుకాపా ఆదివాసులు మాత్రం ఎక్కడికీ పోలేదు, చేపలమీదే బతికినవాళ్లు. నదీముఖానికి గుడ్లు పెట్టడానికి వచ్చే తొతొవాబా అనే పెద్ద చేప ఇప్పుడు అంతరించే జాబితాలో ఉంది. వలలూ చంపాయి, నీళ్లు రాకపోవడమూ చంపింది.

చేప అన్నాను కాబట్టి, యాత్రలో ఒక విరామం ప్రకటించి పెద్దల్ని చిన్న ప్రశ్న అడుగుదామనుకుంటున్నాను. శ్రావణమాసం వచ్చేసరికి యానాం, రావులపాలెం వైపునుంచి తమ ఇళ్లకు చేరే పులస ఏ దారిన వస్తోంది? పైనుంచి వచ్చే ఎర్రనీరు సముద్రంలోకి దూకితే, దానికి ఎదురీదుతూ లోపలికి వచ్చేదే కదా. వృథా నీళ్లు ఆపేస్తే మొదట ఆగేది తమరి పులుసు. ఇది పర్యావరణం మాట కాదు, వంటింటి మాట. అసెంబ్లీలో ఇదైనా వింటారేమో.

కృష్ణ గురించి అడగొద్దు. 2000ల తొలినాటి కరువు ఏళ్లలో ప్రకాశం బ్యారేజీ కిందికి సముద్రానికి పోయింది లెక్కలోకి రానంత తక్కువ. ఆ విషయంలో మనవాళ్లు పరీక్ష ముందే పాసయ్యారు.

ఖర్చులు, హోటళ్లు, ఫీనిక్స్ తెలుగు సంఘాల సన్మానాలు, శాలువాలు అన్నీ సిద్ధం. ఒక్కటే చిక్కు. బస్సులో నలభై సీట్లున్నాయి. కృష్ణా నీళ్ల పాత 512:299 నిష్పత్తిన పంచితే ఆంధ్రకు పాతిక, తెలంగాణకు పదిహేను. తెలంగాణవాళ్లు చెరి సగమంటున్నారు. కిటికీ సీట్లు ఆయకట్టు లెక్కన ఇవ్వాలా, పరీవాహక ప్రాంతం లెక్కన ఇవ్వాలా అన్నది ఇంకా తేలలేదు. ఎందుకైనా మంచిదని వ్యవహారాన్ని 2004లో ఏర్పడిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు పంపుదామంటున్నారు. బస్సు డ్రైవరు మెక్సికోవాడు. "టిక్కెట్లు రద్దయితే డబ్బు వాపసు ఉండదు" అని ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశాడు.