తెల్లపులి గోత్రము

పిల్లకుఁ బిల్లవానికి గోత్రములు విచారించి, మేనరికమనఁగానే వైద్యుని సలహా యడుగుచున్న యీ కాలమున, వ్యాఘ్రజాతికి మాత్రము అట్టి పట్టింపు లక్కఱలేదని జంతుప్రదర్శనశాలలవారు ఏనాఁడో తీర్మానించిరి. 1951లో రీవా మహారాజు మార్తాండసింగు పట్టించి గోవిందగఢ్ భవనమునఁ బెంచిన మోహనుఁడను తెల్లపులికి, బేగమను మామూలు రంగు పులివలన తెల్లని సంతానము కలుగకపోఁగా, వారి కూఁతురగు రాధనే తండ్రికి జోడు గూర్చి, 1958లో నాలుగు తెల్లకూనలను బడసినారు. లోకము జేజేలు పలికినది.

తెలుపు వేఱు జాతి కాదు, రంగునిచ్చు జన్యువునందలి మార్పు. తల్లినుండియుఁ దండ్రినుండియు సంక్రమించిననే కాని పైకిఁ గానరాదు. అది కంటినరములను సైతము దారి తప్పించును గనుక, మనము మురిసిపోవు ఆ నీలినేత్రముల చూపు తఱచు మెల్లచూపే. కమ్మి యొద్ద బిడ్డ నెత్తుకొన్న తండ్రి, “అదిగో, మనవంకే చూచుచున్నది” అనును. అది పాపము, నీళ్లతొట్టిని జూచుచుండును.

దీనికి సంరక్షణమని పేరు! అమెరికా జంతుశాలల సంఘము 2011లోనే యీ రంగుకాన్పులు వలదని సభ్యులకుఁ జెప్పినది. పెండ్లిచూపులలోనే రంగు చూచుట మానని మనము పులికడ మానుదుమా?

అయ్యా, తెలుపే కావలయునన్న గోడకు సున్నము వేయుఁడు. పులిని పులిగా నుండనిండు.