చిత్ర గారి వంతు

1996లో నేను రాజమండ్రిలో ఇంటర్ చదువుతున్నాను. ట్యూషన్ అయ్యాక నేనూ నా స్నేహితుడూ పుష్కర ఘాట్ దగ్గర సైకిళ్ళకి స్టాండు వేసి, మెట్ల మీద కూర్చుని పాడుకునేవాళ్ళం. రైలు వంతెన మీద బండి వెళ్తుంటే చరణం ఆపి, అది దాటాక అక్కణ్ణుంచే అందుకునేవాళ్ళం. వాడు బాలు గారు, నేను చిత్ర గారు. ఈ పంపకం ఎప్పుడు జరిగిందో తెలీదు గానీ, అడిగింది మాత్రం నేనే.

కారణం నా దగ్గర సిద్ధంగా ఉండేది. క్లాసులో అందరికీ మారినా, నాకింకా గొంతు మారలేదు. పై షడ్జమం అవలీలగా అందేది. కాబట్టి ఆడగొంతు నాదే. మరుసటి వేసవికి గొంతు బొంగురుపోయింది. రెండు రోజులు అన్నం సహించలేదు. సంగీతం పోయిందని దిగులు పడుతున్నాడనుకుని అమ్మ మిరియాల కషాయం కాచి పోసింది. నేనూ అదే అనుకుని తాగాను. చిత్ర గారి వంతు మాత్రం, కింది స్థాయిలోనైనా సరే, వదల్లేదు.

వాడు నన్ను ‘బావా’ అనేవాడు. మా వైపు కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అలాగే పిలుచుకుంటారు, సోడాబండి అతన్ని కూడా వాడు బావా అనేవాడు. నా చెవికి నాదొక్కటే వినబడేది.

ఆ రోజుల్లోనే ప్రేమదేశం వచ్చింది. ఊళ్ళో స్నేహితులంతా భుజాల మీద చేతులేసుకుని ముస్తఫా పాట పాడుతూ తిరిగారు. నాకది మహా సౌకర్యంగా ఉండేది. సినిమా మాత్రం నచ్చలేదు. ఇద్దరు కుర్రాళ్ళు హాయిగా ఉంటే మధ్యలోకి టబు ఎందుకొచ్చినట్టు? ఈ మాట వాడితోనే పైకి అన్నాను. అని కూడా నాకేమీ తట్టలేదు, చూడండి నా తెలివి!

వాడి పుట్టినరోజుకి క్యాసెట్ చేయించాను. అరవై నిమిషాలది, పక్కకి ముప్పై. గీతాంజలి, జగదేకవీరుడు అతిలోకసుందరి, ఇంకా ఏవేవో రాసిన చీటీ చూసి రికార్డింగ్ షాపాయన, "అన్నీ డ్యూయెట్లే, ఎవరికి బాబూ?" అన్నాడు. "ఫ్రెండుకండీ" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఎవరూ చెరపకుండా క్యాసెట్ నెత్తిన ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కలూ నేనే విరగ్గొట్టాను.

వారం తర్వాత వాడు వెలిగిపోతూ వచ్చాడు. "బావా, ట్యూషన్లో ఆ అమ్మాయికిచ్చాను. తెగ నచ్చేసింది. ఇంకోటి చేసిపెట్టవా?"

చేసిపెట్టాను. రెండోదే కాదు, మూడోది కూడా. నా జేబు డబ్బులతోనే! ఆ అమ్మాయికి ఏ పాట నచ్చుతుందో వాడికంటే నాకే బాగా తెలిసేది. ఎందుకు తెలిసేదో అప్పుడైనా ఆలోచించాలి కదా? లేదు. వాడు నా స్నేహానికి విలువివ్వట్లేదని డైరీలో నాలుగు పేజీలు రాశాను.

అసలు సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. ఆ రెండేళ్ళూ సంగీతం టీచర్ దగ్గర నిన్నుకోరి వర్ణం సాధన చేస్తూనే ఉన్నాను. మోహన రాగం, ఆది తాళం. రామ్నాడ్ శ్రీనివాస అయ్యంగార్ తమిళదేశపు మనిషైనా సాహిత్యం తెలుగే. రెండు కాలాల్లో అప్పజెప్పేవాణ్ణి, గమకం తప్పితే గుర్తుపట్టేవాణ్ణి. అది కోరిక, విరహం అని తెలుగు పిల్లాడినై ఉండి కూడా ఒక్కరోజు వినలేదు. నాకవి స్వరాలకి తగిలించిన అక్షరాలు, అంతే. మువ్వ క్షేత్రయ్య మగవాడై ఉండి నాయిక గొంతుతో అన్ని పదాలు పాడాడు. గోపాలుడి కోసమన్నాడు గనక ఆయనకి చెల్లింది. నాకు ఆ మాత్రం సాకు కూడా అక్కర్లేకపోయింది, అర్థమైతే కదా!

అర్థమయ్యేసరికి ఇరవై నాలుగేళ్ళొచ్చాయి. హైదరాబాద్‌లో అద్దె గదిలో బట్టలుతుకుతూ వర్ణం కూనిరాగం తీస్తుంటే, పల్లవి దగ్గరే ఆ మెట్లూ, ఆ ‘బావా’ గుర్తొచ్చి, చేతిలో చొక్కా పట్టుకుని చాలాసేపు బకెట్ ముందు కూర్చుండిపోయాను.

2018 సెప్టెంబర్ 6న 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రాత్రి మా ఇంట్లో పాత పాటలు పెట్టుకున్నాం. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళవాణ్ణి, నాతో ఉండే ఆయన నాకంటే రెండేళ్ళు పెద్ద. మంచి గొంతు. గీతాంజలి డ్యూయెట్ మొదలైంది, పోట్లాటా మొదలైంది. ఇద్దరికీ చిత్ర గారి వంతే కావాలి.