శేషం మాస్టారు

మా మేడలో వాటాలు ఏడు. మూడంతస్తులు, అంతస్తుకి రెండు, పైన డాబా మీద ఓనరుగారు తమ్ముడి కోసం కట్టించిన ఒంటి వాటా ఇంకొకటి. ఐదుతో ఆగి ఉన్నా, ఎనిమిది దాకా పోయి ఉన్నా మా ఎండాకాలాలు ప్రశాంతంగా గడిచేవి. ఏడు కట్టారు.

ఏప్రిల్ రాగానే బోరు అడుగంటుతుంది, టాంకరు దిగుతుంది. టాంకరు వెయ్యి రూపాయలు. పక్క మేడల్లో తలా నూట యాభై వేసుకుని, మిగిలింది పైపు పట్టే కుర్రాడికి టీకి ఇచ్చేస్తారు. మా మేడ రెండో అంతస్తులో శేషం మాస్టారు ఉంటారు.

ఆయన అసలు పేరులో శేషం ఎక్కడా లేదు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పిల్లలు పెట్టిన పేరు బదిలీలన్నిటికీ ఆయన వెంటే తిరిగి, చివరికి పెన్షను కాగితాలతోపాటు మా మేడకి వచ్చింది. ఇలాంటివారు మీ వీధిలోనూ ఒకరుంటారు. హోటల్లో బిల్లు రాగానే మనం జేబులు తడుముకుంటే వారు పెన్ను తడుముకుంటారు. ‘సుమారుగా’ అన్నమాట చెవిన పడితే పెరట్లో దొంగ దూకినట్టు లేచి కూర్చుంటారు.

మొదటి టాంకరు వచ్చిన రోజు పైపు ఇంకా సంపులో పడలేదు, మాస్టారు మెట్ల మీద కూర్చుని ఎవరిదో పెళ్ళి శుభలేఖ వెనక్కి తిప్పారు. (వెనక వైపు ఖాళీగా వదిలేసేవారంటే ఆయనకి మహా గౌరవం. వెనక కూడా వినాయకుణ్ణి అచ్చువేయించినవారి పెళ్ళికి అక్షింతలు మామ్మగారి చేతే పంపిస్తారు.) ఎడమపక్క ఏడు, ఓ వంకర గీత, లోపల వెయ్యి.

“పదిలో ఏడు ఒకసారి. శేషం మూడు. సున్నా దించు. ఏడు నాలుగులు ఇరవయ్యెనిమిది, శేషం రెండు. సున్నా దించు. ఏడు రెళ్ళు పద్నాలుగు, శేషం ఆరు. దించడానికి సున్నాలు అయిపోయాయి. ఇప్పుడేం చేస్తావోయ్?”

నేను బీటెక్ చదివాను. అయినా ఆ ‘ఓయ్’కి ఏడో తరగతి వణుకు మళ్ళీ వచ్చింది.

“పాయింటు పెడతానండీ.”

“పెట్టి?”

“లేని సున్నా తెచ్చుకుంటాను.”

“అదీ! అరవైలో ఏడెనిమిదులు యాభయ్యారు, శేషం నాలుగు. నలభైలో ఏడైదులు ముప్పయ్యైదు, శేషం ఐదు. యాభైలో ఏడేళ్ళు నలభైతొమ్మిది, శేషం ఒకటి. పదిలో ఏడు ఒకసారి, శేషం... మూడు! చూశావా? ఇందాకటి మూడే!”

చిన్నప్పుడు తప్పిపోయిన మేనల్లుడు తీర్థంలో ఎదురుపడితే మనిషి ముఖం ఎలా వెలుగుతుందో మాస్టారి ముఖం అలా వెలిగింది. “ఏడుతో భాగిస్తే మిగలగలిగినవాళ్ళు ఒకటి నుంచి ఆరు దాకా ఆరుగురే. సున్నా మిగిలిందా, ఆట అయిపోయింది. మిగలలేదా, ఏడో అడుగుకల్లా పాతవాడెవడో ఎదురుపడి తీరాలి. ఎక్కడికి పోతాడు?”

ఇది టాంకరు డ్రైవరుకి కూడా అర్థమైంది. పాపం, అప్పటికి అరగంట నుంచీ నిలబడి ఉన్నాడు.

తేలిన వాటా 142.857142857... అలా ఆరంకెలూ రాట్నంలా తిరుగుతూనే ఉంటాయి. తలా 142 రూపాయల 85 పైసలు వేస్తే మొత్తం 999.95 అవుతుంది, డ్రైవరుకి ఐదు పైసలు బాకీ పడతాం. 86 వేస్తే 1000.02. మాస్టారు బాకీ పడే మనిషి కారు, 86 ఖాయం చేశారు. ఆ సాయంత్రం నోటీసు బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో కాగితం వెలిసింది: ‘నీటి పద్దు. నిల్వ: 2 పైసలు.’

ఒకప్పుడైతే చిల్లర లేకపోవడమే జనాన్ని ఇలాంటివారి నుంచి కాపాడేది. 2011 జూన్ 30తో పావలా బిళ్ళకి కూడా కాలం తీరినప్పుడు మాస్టారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదట. తర్వాత ఫోన్లో డబ్బు పంపే రోజులొచ్చాయి, ఆయనకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు పైసల దాకా కొట్టవచ్చు. బద్ధకించి 143 పంపినవారి పేరు బోర్డెక్కుతుంది, ఎదురుగా ‘జమ: 14 పైసలు’ అని.

ఏడు టాంకర్లు అయ్యేసరికి నిల్వ 14 పైసలైంది. ఏడు వాటాలు, పద్నాలుగు పైసలు, తలా రెండు, శేషం సున్నా! మాస్టారు ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఎనిమిదో టాంకరుకి తలా రెండు పైసలు తగ్గించి 142.84 చొప్పున వసూలు చేశారు. అది 999.88, పాత నిల్వ 14 పైసలు కలిపితే 1000.02. డ్రైవరుకి వెయ్యి పోను మళ్ళీ రెండు పైసలు మిగిలాయి. బోర్డు ముందు ఆయన చాలాసేపు నిలబడ్డారు. అది దిగులో ఆనందమో నాకు తెలియలేదు.

ఈ జబ్బుకి మూలం 1957లో ఉంది. ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. అప్పటిదాకా రూపాయికి పదహారణాలు, అణా అంటే రూపాయిలో వీసం. వందని పదహారుతో భాగిస్తే అణాకి ఆరుంపావు నయా పైసలు రావాలి. ఆ పావుని బిళ్ళగా ఎవరు కొడతారు? అందుకని మార్పిడి పట్టీలో అణాకి ఆరు, బేడకి పన్నెండు, మూడణాలకి పంతొమ్మిది, పావలాకి ఇరవై ఐదు అని సర్దారు. తొమ్మిదేళ్ళ మాస్టారు నాయనమ్మ ఇచ్చిన అణాలని ఏ రోజుది ఆ రోజు మార్చుకున్నారు. నాలుగు రోజులకి ఇరవై నాలుగు నయా పైసలు. తమ్ముడు నాలుగణాలూ దాచి ఒకేసారి మార్చాడు, ఇరవై ఐదు.

“ఆ పైసా ఎటు పోయిందోయ్?” అని ఇప్పటికీ అడుగుతారు, నేనేదో తీసినట్టు.

పాతవాళ్ళ మీద మాత్రం ఆయనకి కోపం లేదు. అర, కాలు, పరక, వీసం అన్నీ రెండుని రెట్టింపు చేసుకుంటూ పోయిన హారాలు. వీసాన్ని భాగించండి, 0.0625 దగ్గర బుద్ధిగా ఆగిపోతుంది. పదిలో ఉన్నవి రెండూ ఐదూ మాత్రమే కనక, భిన్నాన్ని కుదించాక హారంలో ఆ రెండూ తప్ప ఇంకెవరూ ఉండకూడదు. మూడో ఏడో దూరారా, ఇక భాగహారానికి నిద్ర ఉండదు. మాస్టారికీ ఉండదు. పదిహేడుతో భాగిస్తే పదహారంకెల తర్వాతగానీ మొదటికి రాదు కనక దాన్ని రైలు ప్రయాణాలకి అట్టేపెట్టుకుంటారు.

మా పాప పుట్టినరోజుకి ఏడుగురు పిల్లలొచ్చారు. కేకు దగ్గర కత్తి మాస్టారి చేతిలో ఎందుకు పెట్టానో నాకే తెలియదు. “360ని ఏడు పెట్టి భాగిస్తే 51.428571... అమ్మాయ్, కోణమానిని ఉందా?” పాప జామెట్రీ పెట్టె తెచ్చింది. “చూడవోయ్, టాంకరు అంకెలే! నాలుగు దగ్గర మొదలెట్టాయంతే!” క్రీము అంటిన కోణమానిని పైకెత్తి నాకు చూపించేలోపు పిల్లలు కేకుని చేతుల్తోనే భాగించారు. శేషం లేదు.

క్రికెట్ చూసేటప్పుడు ఆయన పక్కన కూర్చోవడం ఇంకో యాతన. ఓ రోజు స్కోరు 168, ఓవర్లు 18.4. రన్‌రేటెంత అన్నారు. ఫోన్లో కొట్టి 9.13 అన్నాను.

“తొమ్మిది!” అని లేచారు. “అది పాయింటు కాదోయ్, వేషం వేసుకున్న ఆరు! 18.4 అంటే పద్దెనిమిది ఓవర్ల నాలుగు బంతులు. నాలుగుని ఆరుతో భాగిస్తే 0.666... అసలు ఓవర్లు పద్దెనిమిదీ రెండు బై మూడు. లేదా బంతుల్లో చూడు. 112 బంతులకి 168, బంతికి ఒకటిన్నర, ఆరింట్ల తొమ్మిది. శేషం లేదు!” ఇదంతా టీవీకి అడ్డంగా నిలబడి చెప్పారు. ఆయన పక్కకి తప్పుకునేసరికి ఆటగాళ్ళు చేతులు కలుపుకుంటున్నారు. గెలిపించిన సిక్సరు ఎటు వెళ్ళిందో మా మేడలో ఎవరూ చూడలేదు.

మామ్మగారు మాత్రం ఈ మనిషితో యాభై ఏళ్ళుగా చిటికెడు, గుప్పెడు, చారెడు అనే కొలతలతోనే కాపురం నెట్టుకొస్తున్నారు. ఆవిడ సాంబారు ఏ రోజూ తేడా రాలేదు. ఈ సంగతి మీద మాస్టారు మాట్లాడరు.

మొన్న సంక్రాంతికి నన్ను కోనసీమలో వాళ్ళ ఊరు తీసుకెళ్ళారు. ముగ్గురన్నదమ్ములు, తండ్రి వదిలి వెళ్ళిన ఎకరం మెరక. ఎకరమంటే వంద సెంట్లు. పంపకాల నాడు పెద్దవాడు కనక పెన్ను ఈయన చేతికే వచ్చిందనీ, తమ్ముళ్ళిద్దరూ రాత్రికి కూడా భోజనాలు చెప్పించి కూర్చున్నారనీ చిన్న తమ్ముడుగారు చెప్పారు. మాస్టారు 33 అని రాసి, కింద శేషం 1 అని రాసి, పెన్ను మూత పెట్టేశారట.

ఆ ఒక్క సెంటూ చూపించారు. నలభై ఎనిమిది గజాల చిల్లర. మూడు గట్లు కలిసేచోట ఉంది, మధ్యలో మునగ చెట్టు.

“పాయింటు పెట్టలేదేమండీ?” అన్నాను.

“మూడుతో ఏముందోయ్? ప్రతి అడుగులోనూ ఆ ఒకటే ఎదురొస్తుంది. ఎంత దూరం పోయినా అదే ముఖం. విసుగు.”

చిన్న తమ్ముడుగారు చిట్టికర్రతో కాయలు కోశారు. పది. అరుగు మీద మాస్టారు స్వయంగా పంచారు, మూడు, మూడు, మూడు. పదోది తీసి నా చేతిలో పెట్టారు.

“శేషం నీదోయ్.”

బస్సులో దాన్ని విరక్కుండా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మా ఇంట్లోనూ ముగ్గురమే.