గుమ్మం అవతలి ముద్ద

మా రోజుల్లో కుక్క ఇంట్లోకి వచ్చేది కాదు. వీధరుగు దాటి లోపల అడుగు పెట్టిందంటే మామ్మ చీపురు తిరగేసేది. మట్టికుండలో మూతి పెడితే ఆ కుండ పెంటమీదికే. ఇత్తడి గిన్నె అయితే చింతపండూ బూడిదా పెట్టి తోమి, నిప్పుసెగ చూపించాకే వంటింట్లోకి రానిచ్చేవారు. మడి కట్టుకున్న మనిషికి కుక్క తగిలితే మళ్ళీ తలమీద నీళ్ళు పోసుకోవలసిందే. తద్దినంనాడు భోక్తలు తింటుంటే కుక్క కంట పడకూడదని వీధి తలుపు వేసేవారు. ఇవన్నీ చెబితే ఈ కాలం పిల్లలు మొహం చిట్లిస్తారు. "నోరులేని జీవమంటే అంత అసహ్యమా తాతయ్యా?" అంటారు. వాళ్ళకు తెలిసింది సగమే.

ఆ చీపురు పట్టిన మామ్మే అందరి భోజనాలూ అయ్యాక, తాను విస్తరి ముందు కూర్చోబోతూ, అన్నంలో ఇంత మజ్జిగ పోసి కలిపి వీధిలోకి తీసుకెళ్ళేది. గుమ్మం అవతల, ఎప్పుడూ ఒకే చోట, వంగి నేలమీద పెట్టేది. కుక్క తినడం మొదలుపెట్టాకే లోపలికి వచ్చేది. ఇంట్లో బియ్యం తక్కువైన నెలల్లో ముద్ద చిన్నదయ్యేది గాని మానేయడం లేదు. అది ఆవిడ దయాగుణం మాత్రమే అనుకుంటే పొరపాటు. వైశ్వదేవం చేసే ఇళ్ళలో అది విధి. మనుస్మృతి మూడో అధ్యాయంలోనే ఉంది: కుక్కలకూ కాకులకూ పురుగులకూ గృహస్థు అన్నం పెట్టాలి. విసరకూడదు, మెల్లగా నేలమీద ఉంచాలి. కుక్క చూపు పడితే శ్రాద్ధం చెడుతుందన్నదీ ఆ అధ్యాయమే. అంటే హద్దూ గీశారు, వాటా కూడా రాసిచ్చారు.

ఆ శాస్త్రాన్ని నెత్తిన పెట్టుకోమని నేను అనడం లేదు. ఎందుకంటే ఆ ముద్ద పెట్టమన్న చోటే కుక్కల సరసన పతితులనీ శ్వపచులనీ మనుషుల్ని చేర్చారు. అక్కడ పుట్టింది అసలు పాపం. మా ఊళ్ళో ఎండవేళ కుక్క మా అరుగెక్కి పడుకునేది. మా పొలం దున్ని, మా గాదె నింపిన మనిషి మాత్రం ఆ అరుగుకు అల్లంత దూరంలో నిలబడేవాడు. 1927లో అంబేడ్కర్ మహాడ్ చెరువు నీళ్ళు దోసిటపట్టి తాగింది ఈ అన్యాయం మీదే. పశువులు మూతిపెట్టిన చెరువు మైలపడలేదట, ఆయన తాగాక మాత్రం పేడా గోమూత్రమూ కుండలతో పోసి శుద్ధి చేశారు. పాతకాలం గురించి మాట్లాడేవాడెవడైనా ఈ మాట దాటేస్తే వాణ్ణి నమ్మకండి.

ఇక కుక్క సంగతి. నన్నయగారి భారతం తొలి ఆశ్వాసంలోనే జనమేజయుడి యాగశాల దగ్గర ఒక కుక్కపిల్లను రాజు తమ్ముళ్ళు కొడతారు. తల్లి సరమ వచ్చి నిండుసభలో రాజును నిలదీస్తుంది. తిక్కనగారు ముగించే వేళకు ధర్మరాజు వెంట మిగిలింది మళ్ళీ కుక్కే. కుక్క చూస్తే యాగఫలం పోతుంది, దాన్ని వదిలి రథమెక్కమని ఇంద్రుడు చెబుతాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదలనంటాడు ధర్మరాజు. మైల అన్న మాటను ఇంద్రుడి నోట పెట్టారు, ధర్మాన్ని ధర్మరాజు పక్షాన పెట్టారు. మా చిన్నప్పుడు పురాణం చెప్పే ఆయన ఈ ఘట్టం దగ్గర ఆగి, వింటున్నవాళ్ళను "ఇవాళ మీ వీధి కుక్కకు ఎవరు పెట్టారు?" అని పేరుపేరునా అడిగేవాడు. దత్తాత్రేయుణ్ణి చూడండి, పాదాల దగ్గర నాలుగు కుక్కలు. వాటిని నాలుగు వేదాలంటారు. తిరుమల వెళితే ముందు మొక్కవలసింది వరాహస్వామికి. వీధిలో పంది కనబడితే ముక్కు మూసుకునే జాతే అక్కడ వరాహమూర్తి ముందు చేతులు జోడిస్తుంది.

మా వీధి చివర సాయిబుగారి ఇల్లుండేది. వాళ్ళ పట్టింపు వాళ్ళది: కుక్క నాకిన గిన్నెను ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టితో. కానీ దాహంతో మట్టి నాకుతున్న కుక్కకు బావిలో దిగి చెప్పుతో నీళ్ళు తోడి పోసినవాడి పాపాలు దేవుడు మన్నించాడన్నది కూడా ప్రవక్త చెప్పిన మాటేనని ఆయన మా నాన్నగారికి చెప్పేవాడు. వాళ్ళ గోడ పక్కన నీళ్ళతొట్టి వేసవిలో ఎండేది కాదు. రెండిళ్ళవాళ్ళూ కుక్కను లోపలికి రానివ్వలేదు, రెండిళ్ళవాళ్ళూ దాన్ని పస్తు ఉంచలేదు.

ఇప్పుడో? కుక్క పరుపెక్కింది. ఎక్కనివ్వండి, ప్రేమగా చూసుకుంటే నాకు సంతోషమే. కానీ మంచుదేశపు హస్కీని తెచ్చి బెజవాడ ఎండలో పెంచడం ఏం ప్రేమ? దానికి జబ్బు చేస్తే ఊరి చివర వదిలేసి రావడం ఏం ప్రేమ? పరుపు మీద ఉన్న కుక్కకు పేరుంది, వీధిలో ఉన్నదానికి ముద్ద లేదు. మిగిలిన అన్నం పాలిథిన్ సంచిలో మూట కట్టి చెత్తలో పారేస్తారు. ఆకలికి ఆ సంచితో సహా మింగుతోంది అది. మాంసం కొట్ల వ్యర్థాల దగ్గర గుంపులు కడుతోంది. ఎవరికీ చెందని కుక్క ఎవరినైనా కరుస్తుంది. 2023లో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి కుక్కలు చంపేశాయి. ఆ దృశ్యం టీవీలో చూసి నాకు నిద్ర పట్టలేదు.

పిచ్చికుక్క భయం మా రోజుల్లోనూ ఉంది, ఇంకా ఎక్కువే. ఆకుపసరు పోయించుకుని ధైర్యంగా తిరిగినవాళ్ళు నీళ్ళు చూసి వణికి చనిపోయారు. పట్నం వెళ్ళగలిగినవాళ్ళు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకున్నారు. ఇవాళ చేతికి నాలుగైదు సూదులతో పోయేదానికి, కుక్కకు ఏటా ఒక టీకాతో ఆగేదానికి ఇంకా ప్రాణాలు పోతున్నాయంటే అది మన నిర్లక్ష్యం. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. పదకొండు రోజులకే ఆ ఉత్తర్వు సవరించి, ఆపరేషను చేసి, టీకా వేసి, పిచ్చివీ బాగా కరిచేవీ తప్ప తక్కినవాటిని పట్టిన చోటే వదలమంది. తిండి పెట్టడానికి వార్డువారీగా చోట్లు కేటాయించమంది. చదవగానే నాకు మా మామ్మే కళ్ళముందు మెదిలింది: ఇంట్లోకి కాదు, నడిరోడ్డు మీదా కాదు, గుమ్మం అవతల ఒక చోట.

మనం కుక్క మీది మైల వదిలేశామని గొప్పలు చెప్పుకుంటున్నాం. మైల పోలేదు, చోటు మారింది. మేమున్న అపార్టుమెంటులో కుక్క యజమానితో పాటు పెద్ద లిఫ్టులో దర్జాగా పైకి వెళుతుంది. అంట్లు తోమే ఆవిడ మాత్రం సామాన్ల లిఫ్టులోనే రావాలని బోర్డు పెట్టారు. అది పాడైన రోజున ఆవిడ మోకాళ్ళ నొప్పులతో ఏడంతస్తులు మెట్లెక్కింది. కొన్ని ఇళ్ళలో ఆవిడ టీ గ్లాసు వేరే, కిటికీలో బోర్లించి ఉంటుంది. మా తరం నుంచి ఏరుకోవలసిన మంచి ఒక ముద్ద. దాన్ని వదిలేసి, తగలబెట్టవలసినదాన్ని మోసుకొచ్చారు.

మా కమిటీకి రెండు విన్నపాలు రాసిచ్చాను. గేటు పక్క మూల వీధికుక్కలకు తిండి పెట్టే చోటు ఏర్పాటు చేసి, వాటికి టీకాలూ ఆపరేషన్లూ చేయించమని ఒకటి, లిఫ్టు దగ్గరి బోర్డు తీసేయమని ఒకటి. మొదటిదానికి అరగంట చర్చ జరిగింది, డబ్బు కూడా పోగైంది. రెండోది సున్నితమైన విషయమని వాయిదా వేశారు. వచ్చే నెల మీటింగులో ముందు దాన్నే లేవదీస్తాను.