గిలిగింతోపాఖ్యానం: సటీకా తాత్పర్యం

మూలం

కొండవంటి పగతుఁ గూల్చెను గిలిగింత
వెర్రివాని నోట వేద మయ్యె
పంది చూపు దారి బండ్ల బిడారులు
పడమటికిని సాగె భయము వీడి

అవతారిక: బాబ్ క్లాంపెట్ 1938లో నలుపు తెలుపుల్లో ‘ఇంజన్ ట్రబుల్’ అనే కార్టూన్ తీశాడు. తనివి తీరక 1945లో అదే కథను ‘వాగన్ హీల్స్’ పేర రంగుల్లో మళ్లీ తీశాడు. గుట్టు రెంటికీ ఒకటే గనుక పద్యమూ ఒకటే చాలింది.

ప్రతిపదార్థం: కొండవంటి పగతున్ = వలసబండ్లకు అడ్డుపడే ఇంజన్ జోను; గిలిగింత = చక్కిలిగిలి; కూల్చెను = బలముడిగేలా చేసింది; వెర్రివాని = స్లాపీ మో అనే పిచ్చయ్య యొక్క; పంది = పోర్కీ పిగ్ (వరాహావతారం కాదు, బిడారుకు వేగులవాడు); పడమటికిని = పడమరకు. ఇందులో ‘ని’ గణం కోసం వచ్చినది, కథకు దానితో పనిలేదు.

తాత్పర్యం: తనకొక రహస్యం తెలుసనీ, చెప్పననీ స్లాపీ మో కథంతా ఊరిస్తాడు. పోర్కీ ప్రాణం మీదికి వచ్చాక బయటపెడతాడు: జోకు చక్కిలిగిలి ఎక్కువ! ఇక వేళ్లే ఆయుధాలు.

శబ్దవిచారం: ‘ఇంజన్’ అంటే రైలింజను కాదు. ‘ఇండియన్’ అనే మాటను ఈసడింపుగా పలకగా పుట్టిన అపభ్రంశం. ఆ ఇండియన్లు మనమూ కాదు. కొలంబస్ దారి తప్పిన పాపానికి అమెరికా ఆదివాసులు మోసిన పేరది.

శంక: అంతటి బలశాలికి గిలిగింతతో ఓటమా? సమాధానం: ఏడు నిమిషాల కావ్యంలో యుద్ధకాండకు చోటేదీ?

రసం: పైకి హాస్యం.

ధ్వని: రహస్యం దాచినవాడు పిచ్చయ్య ఒక్కడే కాదు, సినిమా కూడా. పిచ్చయ్య చివరకు చెప్పేశాడు, సినిమా చెప్పలేదు. కనుక టీకాకారుడే చెప్పాలి. 1830 నాటి అమెరికా చట్టం తూర్పు ఆదివాసీ తెగలను మిసిసిపీ నది అవతలికి తరిమింది. వారిలో చెరోకీ తెగవారు వేలమంది ఆ తరలింపులోనే చనిపోయారు. 1862 నాటి హోంస్టెడ్ చట్టం ఆ అవతలి నేలలను కూడా వలసదారులకు 160 ఎకరాల చొప్పున పంచింది.

ఆ చట్టాల్లో చక్కిలిగింత ఎక్కడా లేదు.